పుట్టినరోజులు: బిడ్డల పండుగయా, పెద్దల బాకీయా?

ఆచారములను విమర్శించువారు సాధారణముగా పెద్ద యాచారములమీదికే పోవుదురు. వివాహములందలి దుర్వ్యయమును గూర్చియు, వరకట్నమును గూర్చియు, బాల్యవివాహములను గూర్చియు మన భాషలో కావలసినంత వ్రాయబడియున్నది. 1874లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు వివేకవర్ధనిని స్థాపించిన నాటినుండి తెలుగు వచనమునకు ఆచారవిమర్శనము ముఖ్యమైన పనులలో నొకటిగా నున్నది. కాని బిడ్డల పుట్టినరోజును గూర్చి వ్రాసినవా రరుదు. అది చిన్న విషయమనియు, సంతోషసమయమున విమర్శకుడు నోరు మెదపరాదనియు మనవారి యభిప్రాయము కాబోలు. మేమును ఇటీవలివరకు అట్లే తలచితిమి. చిన్నపిల్లవాడు కొత్తబట్టలు కట్టుకొని దీపముల నడుమ నిలుచుండగా చూచి ముచ్చటపడనివా డెవడు? అయినను, ఏ యాచారమైనను నూరిండ్లలో ఒకే తీరుగా జరుగనారంభించి, జరుపువారికి మానుకొనుటకు వీలులేనిదైనప్పుడు, అది సంతోషముగా మాత్రమే నిలువదు, శాసనమగును. శాసనమైనదానిని పరీక్షించుట విమర్శకుని విధి.

మా మిత్రుని కుమారుడొకడు హైదరాబాదున కూకట్‌పల్లి ప్రాంతమందలి యొక అపార్టుమెంటులో కాపురముండుచున్నాడు. భార్యాభర్త లిద్దరును ఉద్యోగులు. వారికి ఏడేండ్ల కూతురును, నాలుగేండ్ల కొడుకును గలరు. ఇటీవల నొక శనివారమున మేము వారి యింటికి అతిథులమై పోయితిమి. పోయిన తరువాత తెలిసినదేమనగా, ఆ శనివారాదివారములలో ఆ పిల్లలకు మూడు పుట్టినరోజుల పిలుపు లున్నవి. అతిథులను విడిచిపోలేక, పిలుపులను మానలేక, వారు మమ్ములను గూడ వెంటబెట్టుకొని పోయిరి. ఈ వ్యాసము ఆ రెండు దినముల ఫలితము.

శనివారమునాటి ఉదయమంతయు బహుమానములు కొనుటకు సరిపోయెను. మొదటి యుత్సవము మూడేండ్లు నిండిన యొక బాలునిది. ఆఱున్నరకు రమ్మని వాట్సాపున పిలుపు వచ్చెను. దారిలో వాహనముల రద్దీని దాటుకొని మేము ఏడింటికి చేరితిమి. కేకు కోసినది తొమ్మిదింటికి. ఈ నడుమ రెండు గంటలును ఒక యువకుడు మైకు పట్టుకొని పిల్లలను కేకలు వేయుడని ప్రోత్సహించుచుండెను. ఎవరెక్కువ బిగ్గరగా నరచిరో వారికొక బొమ్మ. ఆ బాలుని నాయనమ్మ కొంగుతో చెవులు మూసికొని మూలను కూర్చుండెను. ఎనిమిదిన్నరకు బాలుడామె యొడిలోనే నిద్రపోయెను. అది వానికి నిద్రవేళ. కాని ఫొటో తీయువాడు సిద్ధముగా నున్నాడు. బంధువులు కాచుకొని యున్నారు. కావున నిద్రించుచున్న బిడ్డను లేపి, ఏడ్చుచున్నవాని చేతికి కత్తినిచ్చి, ఆ చేతిని తల్లిదండ్రు లిరుప్రక్కల పట్టుకొని కేకు కోయించిరి. అందఱును పాట పాడిరి. ఆ ఫొటోలో బాలుడు తప్ప మిగిలినవారందఱును నవ్వుచున్నారు.

ఆదివారము మధ్యాహ్నము రెండవ యుత్సవము. ఇది ఒక పెద్ద అంగళ్ల సముదాయములోని క్రీడాశాలయందు జరిగినది. ఇచట మేము చూచినదానిని న్యాయముగా చెప్పవలయును. రంగుబంతుల గుంటలో దుముకుచు, జారుడుబల్లలపై జారుచు, ఆ పిల్లలు నిజముగా ఆనందించిరి. ఆ సమయమున వారిలో ఎవరి పుట్టినరోజో యెవరికిని జ్ఞప్తిలేదు. అదియే వారి యానందమునకు గుఱుతు. కాని టిక్కెట్టు రెండు గంటలకు మాత్రమే. అందులో సగము కాలము గడువకముందే కేకుకొఱకును, ఫొటోలకొఱకును, కానుకలు పంచుటకొఱకును వారిని ఆటనుండి పిలిచిరి. రానివారిని చేయిపట్టి లాగిరి. ఎవరికొఱకు హాలు అద్దెకు తీసికొనబడెనో వారు ఆడుకొనుటయే కార్యక్రమమునకు విఘ్నమైనది.

మూడవది ఆనాటి సాయంకాలమే యొక భోజనశాలయందు. అప్పటికి నాలుగేండ్ల చిన్నవాడు ఏమియు తినననియు, ఇంటికి పోదమనియు మారాము చేయుచుండెను. వాని యక్క మాత్రము పెద్దదానివలె కూర్చుండి, తనకిచ్చిన కానుకసంచిని విప్పిచూచి, అందలి పెన్సిలు పెట్టె మధ్యాహ్నము వచ్చిన పెట్టెవంటిదే యని గుర్తించి, మరల మడిచి పెట్టెను. రాత్రి పదింటికి ఇల్లు చేరితిమి. హోంవర్కు మిగిలియుండెను. సోమవారమునాటి యూనిఫారములకు ఆ తల్లి పదునొకండు గంటలకు ఇస్త్రీ చేయుచుండుటను మేము చూచితిమి. ఆ రెండు దినములలో ఆ నలుగురును కలసి కూర్చుండి మాటలాడుకొన్న సమయము కారులోనిదే.

ఇక ఈ యుత్సవాంగము లెచ్చటినుండి వచ్చినవో చూతము. కేకుపై కొవ్వొత్తులు నిలుపు నాచారము 18వ శతాబ్దము నాటికే జర్మను దేశమున నుండెను. పాట అమెరికాదేశపుది. కెంటకీ రాష్ట్రమున ప్యాటీ హిల్, మిల్డ్రెడ్ హిల్ అను నక్కచెల్లెండ్రు శిశువిద్యాలయమున ఉదయమున పిల్లలకు స్వాగతము చెప్పుటకై ‘గుడ్ మార్నింగ్ టు ఆల్’ అను పాటను కట్టి 1893లో ప్రకటించిరి. ఆ వరుసకే తరువాత పుట్టినరోజు మాటలు చేరినవి. ఒక ఉపాధ్యాయిని పిల్లలకై కట్టిన ఆ వరుసను పట్టుకొని వ్యాపారసంస్థలు చిరకాలము హక్కుల రుసుము వసూలు చేసినవి. 2015లో అమెరికా న్యాయస్థానమొకటి ఆ హక్కు చెల్లదని తీర్పు చెప్పెను. 2016లో ఆ వివాదము పరిష్కారమై పాట అందఱి సొత్తయ్యెను. పసిపిల్లల పలకరింపుపాట సైతము జమాఖర్చు పద్దులలోనికెక్కిన ఈ వృత్తాంతము ముందు చెప్పబోవు విషయమునకు ఉపోద్ఘాతముగా నున్నది.

పరదేశమునుండి వచ్చినదనియే దానిని త్రోసివేయువారము మేము కాము. అచ్చుయంత్రమును పరదేశమునుండియే వచ్చెను. అది లేనిదే ఈ పత్రికయు లేదు. మన పూర్వుల పద్ధతి వేఱు. జన్మమాసమున జన్మనక్షత్రము వచ్చిన నాడు బిడ్డకు తలంటుపోసి, కొత్తబట్టలు కట్టి, పెద్దలకు మ్రొక్కించి, కొన్ని ఇండ్లలో మార్కండేయుని తలచి నువ్వులు బెల్లము కలిపిన పాలు త్రావించి, హారతి ఇచ్చి, పాయసముతో భోజనము పెట్టెడివారు. ఇంగ్లీషు తేదీ యెవ్వరికిని అక్కఱలేదు. మన తాతలలో అనేకులకు పుట్టినతేదీ యనగా బడిలో చేర్చుకొనునప్పుడు వయస్సు సరిపోవునట్లు పంతులుగారు వేసిన జూను తేదీయో, జూలై తేదీయో మాత్రమే. 1969లో జనన మరణముల నమోదు చట్టము వచ్చినతరువాత, బడులును ఉద్యోగములును పత్రమును అడుగజొచ్చిన కొలది, తేదీకి ప్రాధాన్యము హెచ్చెను. నేడు నక్షత్రము పోయినది; తేదీయు నిలువలేదు. బుధవారమున పుట్టినవానికిని శనివారముననే యుత్సవము. హాలు దొరకిన నాడే పుట్టినరోజు. ఇందులో తప్పేమియు లేదు. కాని ఆ దినమునకు బిడ్డతోడి సంబంధముకంటె పెద్దల సౌకర్యముతోడి సంబంధమే యెక్కువైనదని దీనివలన తేలుచున్నది.

ఆ సౌకర్యమునకు బిడ్డ శరీరముకూడ కొంత మూల్యము చెల్లించుచున్నది. రెండేండ్లు దాటిన పిల్లలకు దినమున 25 గ్రాములకంటె తక్కువగా మాత్రమే అదనపు చక్కెర ఉండవలయునని అమెరికా హృద్రోగ సంఘమువారు 2016లో సూచించిరి. శీతలపానీయము 200 మిల్లీలీటర్ల గ్లాసులోనే సుమారు 20 గ్రాముల చక్కెర యుండును. దానిపై కేకు, చాక్లెట్లు, ఐసుక్రీము. ఇట్లు రెండు దినములలో మూడు మారులు. ఇక శబ్దము మాట. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు నివాసప్రాంతములలో పగలు 55 డెసిబెళ్లు, రాత్రి 45 డెసిబెళ్లు పరిమితిగా విధించినవి. మేము కూర్చున్న హాలులో ప్రక్కవాని మాట వినుటకు అతని నోటికడ చెవి పెట్టవలసివచ్చెను. 2022 జూలై 1వ తేదీనుండి మన దేశమున నిషేధింపబడిన ప్లాస్టిక్ వస్తువుల పట్టికను చూచినచో అది పుట్టినరోజు సరంజామా జాబితాయేమో యని భ్రమ కలుగును: బెలూనుల పుల్లలు, అలంకరణకు వాడు థర్మోకోలు, ప్లాస్టిక్ పళ్లెములు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు. మూడేండ్ల బాలుని వెనుక నిలిపిన ‘3’ అంకె థర్మోకోలుతో చేసినదే. ఆ బాలుని భవిష్యత్తుకొఱకు ప్రభుత్వము చేసిన నిషేధమును వాని పుట్టినరోజుననే మనము అతిక్రమించుచున్నాము.

అయితే ఇవి యన్నియు పైపై దోషములు. చక్కెర తగ్గింపవచ్చును, థర్మోకోలు మానవచ్చును, మైకు తీసివేయవచ్చును. అప్పుడును మిగిలియుండు మూలదోషమొకటి గలదు. దానిని మేము ఆదివారము రాత్రి కారులో చూచితిమి.

మూడవ యుత్సవమునుండి తిరిగివచ్చునప్పుడు ఆ తల్లి తన ఫోను తీసి యొక పట్టికలో ఏదో వ్రాసికొనుచుండెను. ఏమని యడుగగా కొంచెము సిగ్గుపడి చూపించెను. ఎవరి బిడ్డ పుట్టినరోజుకు తా మేమి ఇచ్చిరి, తమ బిడ్డల పుట్టినరోజుకు వారేమి ఇచ్చిరి, ఎవరు రాలేదు, ఎవరింటికి తాము పోలేదు – ఇవన్నియు అందు పేరుపేరున నున్నవి. “మరిచిపోతే మాట వస్తుంది బాబాయిగారూ, అందుకని రాసుకుంటాను” అనెను. ఆమె లోభికాదు, గర్వముగలది కాదు. ఒకరికి తక్కువ చేయరాదను మర్యాదచేతనే వ్రాసికొనుచున్నది. వచ్చు నెలలో ఆ బాలిక పుట్టినరోజు. నలువదిమందికి తక్కువకాకుండ పిలువవలయునని లెక్క తేలెను. ఏలయనగా ఏడాదిలో నలువది పిలుపులు అందుకొనిరి. హాలు అద్దె, భోజనము, అలంకరణ, కానుకసంచులు కూడి ఒక నెల జీతమును మించుచున్నవి. కొంత కార్డుమీద వాయిదాలలో చెల్లింతమని ఆ తండ్రి యనెను.

అప్పుడా బాలిక వెనుకనుండి “అమ్మా, వాచ్‌మన్ అంకుల్ వాళ్ల పాపను పిలుద్దామా?” అని యడిగెను. ఆ రెండు కుటుంబముల బాలికలు ప్రతిదినము సాయంకాలము మెట్లక్రింద తొక్కుడుబిళ్ల యాడుకొందురట. బాలిక చెప్పిన నలువదిమంది పేర్లలో ఆమెతో దినదినము ఆడునది ఆ పిల్లయొక్కతెయే. తల్లి కొంతసేపు ఊరకుండి, “పిలిస్తే వాళ్లకే ఇబ్బందమ్మా. ఉత్తచేతులతో ఎట్లా వస్తారు?” అనెను.

ఈ మాటను మేము చాల దినములు తలపోసితిమి. ఇందులో క్రౌర్యము లేదు. ఆ తల్లి ఆ బీదకుటుంబమును నీచముగా చూచి పిలువక మానలేదు. వారికి భారము కలుగునేమో యని మానినది. దయయే యిచట తలుపు మూసినది. ఏలయనగా ఆ యుత్సవమునకు పునాది స్నేహము కాదు, చెల్లింపు. చెల్లింపుమీద నిలిచిన పండుగకు తిరిగి చెల్లింపలేనివారిని పిలుచుట వారిని అవమానపఱచుటయే యగును. కావున ఎంత మంచివారు చేసినను ఆ పండుగ బీదబిడ్డను వెలుపలనే నిలుపును. ఇది చేయువారి గుణదోషముకాదు. ఆచారముయొక్క నిర్మాణమందలి దోషము. ఏడేండ్ల బాలిక కారులో నేర్చుకొన్న పాఠ మిది: స్నేహితులు రెండు తెఱగులు, ఆడుకొనుటకు కొందఱు, పిలుచుటకు కొందఱు.

ఈ పట్టిక మనకు క్రొత్తది కాదని కొందఱనవచ్చును. నిజమే. పెండ్లిండ్లలో చదివింపుల పుస్తకమునకు అది మనుమరాలు. ఎవరెంత చదివించిరో బిగ్గరగా చదివి, పుస్తకమున వ్రాసికొని, వారింట శుభకార్యము వచ్చినప్పుడు చూచికొని తీర్చుట మన యూళ్లలో తఱతరములుగా నున్నదే. అందొక ప్రయోజనముండెను. పెండ్లియను పెద్దఖర్చు మీదపడినప్పుడు ఊరివారందఱును వడ్డీలేని సొమ్ము తలయొకింత సర్దినట్లయ్యెడిది. అది జీవితమున నొకటి రెండుమారులు వచ్చు నవసరము. పుట్టినరోజు ఏటేట వచ్చును. ఖర్చు మనము కల్పించుకొన్నదే. అవసరమునకై పుట్టిన యప్పు వేఱు, అప్పుకొఱకే పుట్టిన యవసరము వేఱు.

మన పూర్వాచారములలో బాకీలేని పండుగలును ఉన్నవి. భోగినాటి సాయంకాలమును తలచుకొనుడు. రేగుపండ్లు, చెఱకుముక్కలు, నానబెట్టిన సెనగలు, పూలరేకులు, చిల్లరనాణెములు కలిపి పిల్లల తలపై దోసిళ్లతో పోయుదురు. ప్రక్కయింటి పిల్లలు వచ్చి క్రిందపడిన నాణెములను ఏరుకొందురు. వచ్చినవారెవరును బహుమానము తేరు. పిలిచినవారే తాంబూలమో సెనగలో ఇచ్చి పంపుదురు. ఇచ్చుట యింటివారి వంతు, దీవించుట వచ్చినవారి వంతు. దీవెనకు పట్టిక లేదు. బడిలో రంగుబట్టలు కట్టుకొని వచ్చి తరగతివారందఱికి ఒక్కొక్క చాక్లెట్టు పంచు నాచారముకూడ ఈ కోవలోనిదే. పుచ్చుకొన్న బిడ్డ ఏమియు తిరిగి ఇయ్యనక్కఱలేదు.

కాని పూర్వాచారములను పొగడి యూరకుండుట సంస్కారవాదులకు తగదు. ఆ పేరంటములకు ఏ కులమువారిని పిలిచిరి, ఏ కులమువారిని గుమ్మముకడ నిలిపిరి అని యడుగవలయును. భర్తపోయిన స్త్రీ కన్నబిడ్డ పేరంటమునకైనను ముందునకు రాలేని కాలమొకటి యుండెను; ఆ దురాచారముపైననే పంతులుగారు జీవితమును ధారపోసిరి. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున జరిగిన వితంతువివాహము ఆ పోరాటఫలమే. నాడు కులమును, వైధవ్యమును గుమ్మముకడ కావలి కాచినవి. నేడు ఆ స్థానమున చెల్లింపుశక్తి నిలిచియున్నది. కావలివాడు మాఱెను గాని గుమ్మము మాఱలేదు. పాతకావలిని గుర్తించినట్లు క్రొత్తకావలిని మనము గుర్తింపజాలకున్నాము. ఏలయనగా అది మర్యాదవేషమున వచ్చినది.

ఇచట కొన్ని పూర్వపక్షములకు సమాధానము చెప్పవలయును. మొదటిది: “పట్టణములలో అన్నదమ్ములు, మేనత్తలు, మేనమామలు దూరముగా నున్నారు. ప్రక్కయింటివారి పేరు తెలియదు. పిల్లలు పదిమందిని కలసికొనుటకు పుట్టినరోజు తప్ప వేఱు సాధన మేది?” అందురు. ఇది బలమైన మాట. కలయిక కావలయును, దానిని మేము కాదనము. కాని కలయికకు హాలును, మైకును, కానుకసంచియు అవసరములా యని ప్రశ్న. క్రీడాశాలలో పిల్లలు కలసికొన్నది ఆటలోనే. మనము వారిని కేకుచుట్టును నిలిపినప్పుడు కాదు.

రెండవది: “మా చిన్నతనమున మాకివి లేవు, మా బిడ్డలకైనను ఉండనిండు” అందురు. ఇది హృదయమునుండి వచ్చు మాట. పరిహసింపదగదు. కొత్తబట్ట పండుగకు తప్ప కట్టనివారు, కేకు రుచి యెరుగనివారు నేడు తల్లిదండ్రులైనారు. అయితే తమకు లేనిదానిని తమ కన్నులతో చూచికొనుటకు బిడ్డను అద్దముగా చేసికొనుట వేఱు, బిడ్డకు కావలసినదానిని ఇచ్చుట వేఱు. నిద్రపోవు బాలుని లేపినవారు తమ కోరికను తీర్చుకొనిరి. బాలుని కోరిక నిద్ర. పెద్దల కోరికలకు బిడ్డలను వంచుట తగదని చలముగారు ‘బిడ్డల శిక్షణ’ను వ్రాసి మనకు చెప్పియే యున్నారు.

మూడవది: “దీనివలన వంటవారికి, అలంకరించువారికి, ఫొటోలు తీయువారికి జీవనము జరుగుచున్నది గదా” అందురు. జరుగుచున్నది. ఆ హాలులో బెలూనులు కట్టిన యువకుడు రాత్రి పదింటికి వానిని సూదితో పొడిచి సంచిలో నింపుచుండగా చూచితిమి. అతని కూలి అతనికి కావలయును. కాని ఒక జీవనము నిలుచుటకు మధ్యతరగతి కుటుంబము కార్డుమీద అప్పుచేయుటయే మార్గమనుట ఆర్థికశాస్త్రము కాదు. ఉత్సవములను అణచివేయుడని మేము కోరుటలేదు. కొలత తగ్గింపుడని కోరుచున్నాము. కొలత తగ్గినను వంటయు, పూలును కావలసియే యుండును.

అయిన మార్గమేమి? పిల్లల సమావేశము ఎట్లుండవలయునో మనవారే ఒకప్పుడు చేసి చూపిరి. న్యాయపతి రాఘవరావుగారును, ఆయన సతీమణి కామేశ్వరిగారును – తెలుగుపిల్లలు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య యని పిలిచినవారు – 1940లో ఆంధ్ర బాలానంద సంఘమును స్థాపించిరి. 1945లో ‘బాల’ పత్రికను ప్రారంభించిరి. వారి కార్యక్రమములలో పిల్లలే పాడిరి, పిల్లలే కథలు చెప్పిరి, పిల్లలే నాటికలాడిరి. పెద్దలు ప్రక్కన నిలిచిరి. నేటి హాలులో పెద్దవాడొకడు కూలికి వచ్చి ఆడును, పిల్లలు చూతురు. సర్వేపల్లి రాధాకృష్ణగారి మాటయు ఇచట తలపదగినది. 1931నుండి 1936వఱకు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండిన ఆయన, 1962లో రాష్ట్రపతియైనప్పుడు శిష్యులు జన్మదినోత్సవము చేయుదుమనగా, సెప్టెంబరు 5వ తేదీని ఉపాధ్యాయుల దినముగా జరుపుడని కోరిరట. తన దినమును ఇతరులదిగా చేయవచ్చునని పెద్దలకు తెలిసినప్పుడు పిల్లలకు నేర్పుట కష్టముకాదు.

పరోపదేశముతో ముగించుట సులభము గనుక మా యింటి సంగతియు చెప్పుచున్నాము. నిరుడు మా మనుమరాలి ఆఱవ పుట్టినరోజునకు “బహుమానములు తేవలదు, మేమును తిరుగుకానుకలు ఇయ్యము” అని పిలుపులో వ్రాయించితిమి. అది చదివి ఒక గృహిణి ఫోనుచేసి, “ఇంట్లో అంతా క్షేమమేనా? డబ్బుకేమీ ఇబ్బంది లేదు కదా?” అని యడిగెను. సగముమంది బహుమానములు తెచ్చియే తెచ్చిరి. తిరిగి పంపలేక పుచ్చుకొంటిమి. పులిహోర, పాయసము ఇంటనే వండితిమి. మిద్దెమీద దాగుడుమూతలు, కుంటాట జరిగినవి. మా వీథిలో బట్టలు ఇస్త్రీచేయువారి పిల్లలిద్దఱును వచ్చిరి. మొదట గుమ్మముకడనే నిలిచిరి; ఎంత పిలిచినను లోనికి రాలేదు. కుంటాటలో ఒకరు తక్కువైనప్పుడు మా మనుమరాలు పోయి చేయిపట్టుకొని తెచ్చెను. పెద్దల పిలుపుకు రానివారు ఆటపిలుపుకు వచ్చిరి. మేము చేయలేకపోయిన దొకటి గలదు: ఆట నడుమ ఫొటోకొఱకు మేమును ఒకమారు పిల్లలను నిలువబెట్టితిమి. అలవాటు అంత సులభముగా విడువదు.

కావున మా సూచనలు స్వల్పములు. పిలుపులో బహుమానములు వలదని వ్రాయుడు. ఇచ్చితీరవలయునన్నచో తెలుగు బొమ్మలపుస్తక మొకటి చాలును. బిడ్డ వయస్సెంతయో అంతకు రెట్టింపు మందిని మాత్రమే పిలువుడు. వారిని బిడ్డనే యెన్నుకొననిండు. మెట్లక్రింద ఆడుకొను స్నేహితురాలి పేరు మొదట రానిండు. నిద్రవేళకు ముందే ముగింపుడు. మైకు వలదు.

మిగిలినది ఒక ప్రశ్న. ఈ బాకీని మొదట ఎవరు మానవలయును? పుచ్చుకొన్నవాడు మానినచో ఎగవేసెనందురు; వాని కది తలవంపు. కావున ఋణస్థునికి స్వాతంత్ర్యములేదు. ఋణదాతకు కలదు. ‘మాకు రావలసినది మాకు వలదు’ అనుటకు అతడెవరిని అడుగనక్కఱలేదు. మన కుటుంబములలో ప్రతిదియు కొందఱికి ఋణస్థురాలు, కొందఱికి ఋణదాత. మనకు ఇయ్యవలసినవారి పేళ్లను మనము చెరిపివేసినచో, మనము ఇయ్యవలసిన పేళ్లను చెరుపువారును పుట్టుదురు. కలిగినవారు ముందుగా చేయవలయును. ఏలయనగా వారు మానినచో పిసినిగొట్టులందురేగాని బీదవారనరు.

మా మిత్రుని కోడలి ఫోనులో ఆ పట్టిక యింకను ఉన్నది. కూతురి పుట్టినరోజు ఈ నెలలోనే. ఈ వ్యాసమును ఆమెకు ముందుగా చదివి వినిపించితిమి. ఆమె చాలసేపు మాటలాడలేదు. తరువాత, “నలభైమందికీ ఏమని చెప్పను బాబాయిగారూ?” అని యడిగెను. నలువదిమందికిని వేఱువేఱుగా చెప్పవలసినపని లేదనియు, ఈ పుటలను చూపిన చాలుననియు ఆమెతో చెప్పితిమి. చదివినవారిలో నలువదిమందికి ఇట్టి పట్టికలే యుండును గదా.